రాగిపాత్రయు, సూక్ష్మజీవియు, విద్యుత్తుయొక్క సాక్ష్యమును

త్రాగునీటి విషయమున మన నెల్లూరు సముద్రతీరపు గ్రామములలో రెండు విశ్వాసములు బలముగా నాటుకొని యున్నవి. రాగిపాత్రలో నిలువయుంచిన నీటియందు ఏ దోషమును ఉండదనునది మొదటిది. ఇది తాతముత్తాతలనుండి వచ్చినది. కలము వంటి చిన్న విద్యుద్యంత్రమును నీటిలో ముంచి, దానిపై కనబడు అంకె తక్కువగా నున్నచో ఆ నీరు నిర్దోషమనునది రెండవది. ఇది నిన్నమొన్న వచ్చినది. మొదటిదానిని నమ్మువారు రెండవదానిని చూచి నవ్వుదురు. రెండవదానిని నమ్మువారు మొదటిదానిని మూఢాచారమందురు. మా అభిప్రాయమున ఈ యుభయులును ఒకే తప్పు చేయుచున్నారు. లోహము సూక్ష్మజీవిని ఏమి చేయుచున్నదో, ఆ సంగతిని విద్యుత్తు ఎంతవరకు చెప్పగలదో విచారింపకయే తీర్పు చెప్పుచున్నారు. ఆ విచారణ పెద్ద ప్రయోగశాలలకే గాక, మన పాఠశాలకును మన యిండ్లకును అవసరమని మనవి చేయుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన తీరపు నీటి కష్టము అందరును ఎరిగినదే. మైపాడు, కృష్ణపట్నము, తూపిలిపాళెము మొదలగు ప్రాంతములలో ఇసుకయందు త్రవ్విన చెలమనీరు పెక్కుచోట్ల తియ్యగానే యుండును. ఇంకను లోతునకు పోయినచో ఉప్పు తగులును. అందుచే పట్టపుపాళెములవారు సయితము ఇరువది లీటర్ల క్యానులలో నీరు కొనుక్కొనుచున్నారు. కొంచెము కలిగినవారు శుద్ధియంత్రమును కొనుచున్నారు. ఇట్టి యంత్రములను అమ్ముటకు ఇంటింటికి వచ్చు వర్తకులలో కొందరు చూపు వేడుక యొకటి కలదు. విద్యార్థులలో చాలమంది దానిని చూచియే యుందురు. రెండు గ్లాసులలో నీరు పోయుదురు. ఒకటి మన బావినీరు, రెండవది వారి యంత్రమునుండి వచ్చిన నీరు. రెంటియందును లోహపుకడ్డీలను ముంచి విద్యుత్తును పంపుదురు. కొన్ని నిమిషములలో బావినీరు ఆకుపచ్చనై, పిమ్మట గోధుమవర్ణమై, అడుగున మడ్డి పేరుకొనును. యంత్రపునీరు తేటగానే యుండును. "చూచితిరా అమ్మా, మీ బిడ్డలు త్రాగుచున్నది ఇది!" అని వారు చెప్పగా, ఆ తల్లి భయపడి, నెలల కూలిని కూడబెట్టి యంత్రమును కొనును.

ఆ మడ్డి నీటిలో ముందుగా నున్నది కాదు. ఆ కడ్డీలలో ఇనుపది కలదు. విద్యుత్తు ప్రవహించినపుడు ఇనుము కరగి నీటిలోనికి దిగి, త్రుప్పువంటి పదార్థమై తేలును. అల్యూమినియపు కడ్డీనుండి తెల్లని తునకలు వెడలును. విద్యుత్తు ప్రవహించుటకు నీటిలో లవణములుండవలెను. బావినీటిలో అవి యున్నవి గనుక కడ్డీ కరగినది. యంత్రపునీటిలో అవి మిక్కిలి తక్కువ గనుక కరగలేదు. యంత్రపునీటిలో చిటికెడు వంటయుప్పు వేసి మరల చూపుమని ఆ వర్తకునే అడుగుడు. అదియు గోధుమవర్ణమగును. మనము అనుదినము కూరలో వేసికొను ఉప్పు ఒక్క నిమిషములో విషమైనదా? కాలేదు. కడ్డీయే కరగినది. పిల్లలు మాత్రము ఇంటి విద్యుత్తుతో ఈ పరీక్షను తామే చేయరాదు, అది ప్రాణాపాయకరము.

ఇక కలమువంటి యంత్రమును గూర్చి. ఇది మోసపుపనిముట్టు కాదు. నీరు విద్యుత్తును ఎంత సులభముగా ప్రవహింపనిచ్చునో కొలిచి, దానినిబట్టి లీటరునందు కరగియున్న లవణములు ఎన్ని మిల్లీగ్రాములుండునో అంచనా కట్టును. త్రాగునీటిలో ఇట్టి కరగిన పదార్థములు లీటరునకు 500 మిల్లీగ్రాముల లోపుగా నుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట 2000 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారత ప్రమాణములలో కలదు. ఉప్పునీటి తీరమున నివసించు మనకు ఈ కొలత ఎంతో ఉపయోగకరము. అయితే అది సూక్ష్మజీవులను గూర్చి ఏమియు చెప్పదు. ఏలయన, ఒక్క బాక్టీరియము బరువు ఇంచుమించుగా గ్రాములో లక్షకోట్లవ వంతు. లీటరు నీటిలో పది లక్షల బాక్టీరియములున్నను వాని మొత్తపు బరువు మిల్లీగ్రాములో వెయ్యవ వంతే యగును. ఆ యంత్రము చూపు అంకెలలో మిక్కిలి చిన్నమెట్టు ఒక మిల్లీగ్రాము. కాబట్టి కలరా పుట్టించు నీటికిని, కాచి చల్లార్చిన నీటికిని అది ఒకే అంకె చూపవచ్చును. ఆ అంకెను చూచి, నీరు కాచుట మానిన ఇల్లు ఎంత అపాయమునకు లోనగుచున్నదో ఆలోచింపుడు.

అట్లయిన విద్యుత్తు సూక్ష్మజీవుల విషయమున బొత్తిగా నోరులేనిదా? కాదు. తగిన విధమున అడిగినచో అది చక్కగా సాక్ష్యమిచ్చును. ఈ సంగతి వందసంవత్సరములకు పైగా శాస్త్రజ్ఞులకు తెలిసినదే. 1899 లో అమెరికాయందు జి. ఎన్. స్టూవర్టు అను శరీరధర్మశాస్త్రజ్ఞుడు, బాక్టీరియములు పెరుగుచున్న పోషకద్రవముయొక్క విద్యుద్వాహకత్వము కాలక్రమమున మారుచుండుటను కొలిచి ప్రకటించెను. దీనికి కారణము తేలికగానే బోధపడును. చక్కెర, మాంసకృత్తులు మొదలగునవి విద్యుత్తును అంతగా మోయజాలవు. బాక్టీరియము వానిని తిని, ఆమ్లములను, అమోనియా మొదలగువానిని విడుచును. ఇవి విద్యుత్తును మోయును. కాబట్టి ఒక్కసారి ముంచి చూచుట చాలదు; గంటగంటకు కొలువవలెను. కొలత ఎంతసేపటికి పైకి లేచునో చూచినచో, మొదట ఎన్ని బాక్టీరియములుండెనో ఊహింపవచ్చును. ఎక్కువయున్నచో త్వరగా లేచును, తక్కువయున్నచో ఆలస్యముగా లేచును.

ఇప్పుడు అదే ద్రవములో కొంచెము రాగిని గాని వెండిని గాని చేర్చుదము. కొలత మునుపటివలెనే లేచినచో లోహము బాక్టీరియమును బాధింపలేదు. ఆలస్యముగా లేచినచో కొన్నిటిని చంపినదో, లేక పెరుగుదలను అడ్డగించినదో. ఎన్నటికిని లేవనిచో ఆ లోహము ఆ మోతాదున వానిని పెరుగనీయలేదని చెప్పవచ్చును. ఇది విద్యుత్పరీక్షలలో మొదటి తరగతిది.

రెండవదానిని గ్రహించుటకు మన సీమలోని అభ్రకమే సహాయపడును. గూడూరు, సైదాపురము, రాపూరు ప్రాంతముల గనులలో తీసిన అభ్రకము దేశదేశములకు ఎగుమతియైనది. రేడియోయంత్రములలోని కండెన్సరులకు దానిని వాడెడివారు. రెండు లోహపురేకుల నడుమ పలుచని అభ్రకపుపొరను ఉంచినచో, అది విద్యుత్తును తిన్నగా దాటనీయదు; కాని దిక్కు వేగముగా మార్చుకొను ఏకాంతర విద్యుత్తు దానిగుండా పోయినట్లే యుండును. జీవకణపు నిర్మాణమును ఈ దృష్టితో చూడుడు. లోపల ఉప్పుద్రవము, వెలుపల ఉప్పుద్రవము, నడుమ కొవ్వుతో చేయబడిన మిక్కిలి పలుచని పొర. అదియు కండెన్సరే. 1925 లో హ్యూగో ఫ్రిక్కె అను శాస్త్రజ్ఞుడు రక్తకణములను ఇట్లు విద్యుత్తుతో కొలిచి, వాని పొర మందము సుమారు 3.3 నానోమీటర్లని లెక్కగట్టెను. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. ఆ పొరను కంటితో చూపగల సూక్ష్మదర్శిని లేని కాలమున, విద్యుత్తొక్కటే దాని కొలతను చెప్పినది. తరువాతివారి కొలతలు 4, 5 నానోమీటర్ల వరకు వచ్చినను, ఆయన అంచనా సత్యమునకు మిక్కిలి దగ్గరగా నుండెను.

దీనివలన ప్రయోజనమేమన, మందముగా మారు విద్యుత్తు కణమును దాటలేక దాని చుట్టును తిరిగిపోవును. మిక్కిలి వేగముగా మారునది పొరను దాటి లోపలికి పోవును. అనేక వేగములయందు కొలిచి చూచినచో, పొర చెక్కుచెదరక యున్నదో, చిల్లులు పడినదో తెలియును. అంతేగాక కణములోపల పొటాసియము వెలుపలికంటె ఎంతో అధికముగా నుండును. లోహము పొరను చెరచినచో ఆ పొటాసియము వెలుపలికి కారును. వెలుపలి ద్రవముయొక్క వాహకత్వము వెంటనే పెరుగును. పళ్లెములలో బాక్టీరియములను పెంచి లెక్కించు పాతపద్ధతికి ఒక దినము పట్టుచుండగా, ఈ పద్ధతి నిమిషములలోనే పొర దెబ్బతినిన సంగతిని తెలుపును.

మూడవది కణముయొక్క స్వంత విద్యుత్తు. జీవించియున్న బాక్టీరియము తన పొరకు ఇరుప్రక్కల వోల్టులో పదవ వంతునకు పైబడిన భేదమును నిలుపుకొని యుండును. ఇది స్వల్పమనుకొనరాదు. 5 నానోమీటర్ల మందముపై వోల్టులో పదవ వంతు అనగా మీటరునకు రెండుకోట్ల వోల్టుల లెక్క యగును. ఈ విద్యుద్భేదమును, ఉదజని అయానుల ఒత్తిడియు కలిసియే కణములో శక్తిని నిలువచేయు పదార్థమును తయారుచేయునని 1961 లో పీటరు మిచెల్ ప్రతిపాదించి, 1978 లో నోబెల్ బహుమానము నొందెను. ఆ శక్తిపదార్థమును మన తెలుగువాడగు యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కెతో కూడి 1929 లో హార్వర్డునందు కండరములనుండి వేరుచేసి ప్రకటించిరి. భీమవరమున జన్మించిన ఆ మహనీయుని పేరు మన విద్యార్థులు మరువరాదు. లోహము ఆ విద్యుద్భేదమును పోగొట్టినచో కణము శక్తిలేక కూలును. 2002 లో కొందరు పరిశోధకులు కలరా బాక్టీరియమునందే దీనిని పరిశీలించి, మిక్కిలి స్వల్పమగు వెండి అయానులు దాని పొరగుండా ఉదజని అయానులను కార్చి, ఆ భేదమును చెరచునని చూపిరి. కలరా బాక్టీరియము మనవంటి తీరములలోని కయ్యలయందును, నదీముఖములయందును జీవింపగలది గనుక ఈ పరిశోధన మనకు దూరపు సంగతి కాదు.

ఇక మన రాగిపాత్ర మాటకు వత్తము. రాగి సూక్ష్మజీవులను చంపునను మాట వట్టి కల్పన కాదు. స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడగు నాగెలి, అత్యల్పమగు రాగి తగిలినంతనే నీటిలోని నాచుకణములు చచ్చుటను గమనించి వ్రాసెను. ఆయన మరణించిన పిదప 1893 లో అది ముద్రింపబడినది. 2005 లో ఛండీఘరు పరిశోధకులు ఇంగ్లండువారితో కలిసి ఇత్తడిపాత్రలను పరీక్షించి, ప్రేవులలో నుండు బాక్టీరియములు వానిలో 48 గంటలలోపల కానరాకుండ పోవునని తెలిపిరి. 2012 లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించిన పరీక్ష ఇంకను స్పష్టమైనది. మిల్లీలీటరునకు 500 చొప్పున కలరా, టైఫాయిడు, రక్తవిరేచనములు మొదలగువానిని కలిగించు బాక్టీరియములను కలిపిన నీటిని రాగిబిందెలలో 16 గంటలుంచగా, ఆ పిమ్మట ఒక్కటియు పెంపకమునకు రాలేదు. ఆ నీటిలోనికి దిగిన రాగి లీటరునకు సుమారు 177 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి హద్దు 2000 మైక్రోగ్రాములు. కాబట్టి రాత్రి బిందెనింపి మరునాడు త్రాగిన మన పెద్దలను మూఢులని పరిహసించుట న్యాయము కాదు.

అయితే ఆ పరీక్షలోని ప్రతి మాటను శ్రద్ధగా చదువవలెను. 16 గంటలు, 16 నిమిషములు కాదు. ఉదయము ఇంటియొద్ద రాగిసీసాను నింపుకొని, రెండవ గంట మ్రోగునప్పటికే ఖాళీచేయు బాలునికి ఆ ఫలితము వర్తింపదు. కళాయి పూసిన పాత్రలో నీటికి తగులునది తగరము, రాగి కాదు. మెరుగు పోకుండుటకై లోపల పూతవేసిన సీసాలకును అంతే. చిలుము పట్టినదో, చింతపండుతో తోమినదో అనుదానినిబట్టియు నీటిలోనికి దిగు రాగి మారును. అన్నిటికంటె ముఖ్యమైనది నీటి స్వభావము. బెంగుళూరు నీటికిని మన ఉప్పుచెలమల నీటికిని భేదము కలదు. నీటిలోని ఉప్పు, సున్నము, బురద, ఆకుల కుళ్లు ఇవన్నియు రాగిని బంధించి దాని బలమును మార్చగలవు. వెండి సంగతి మరింత స్పష్టము. ఉప్పునీటిలో అది కరగని తెల్లని లవణముగా విడిపోవునని రసాయనశాస్త్రపు తరగతిలో అందరును చూచినదే.

మరియొక హెచ్చరిక కూడ కలదు. సూక్ష్మజీవిని చంపు లోహము మనుష్యుని విషయమున పక్షపాతము చూపదు. మన దేశమున పసిపిల్లలకు కాలేయము గట్టిపడు భయంకరవ్యాధి యొకటి ఉండెడిది. రాగి, ఇత్తడి పాత్రలలో కాచి నిలువచేసిన పాలను పసికందులకు పోయుట దానికి కారణమై యుండవచ్చునని 1983 లో పూనాలోని వైద్యులు ఇంగ్లండు వైద్యునితో కూడి ప్రకటించిరి. పాలు నీటికంటె ఎంతో ఎక్కువగా రాగిని పట్టుకొనును. ఆ పాత్రలు మారిన పిదప వ్యాధి మిక్కిలి అరుదైనది. కళాయివాడు వీధివెంట తిరిగిన కాలమున, పులుసు పదార్థములకు కళాయిలేని పాత్రను వాడని మన అవ్వల జాగ్రత్తలో ఎంత వివేకమున్నదో ఇప్పుడు బోధపడును. ఒకే రాగి బిందెడు నీటిలో మేలును, గిన్నెడు పాలలో కీడును చేసినది. భేదము మోతాదునందున్నది, మోతాదు కొలిచినగాని తెలియదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. బాక్టీరియములు పళ్లెములో పెరుగలేదని బెంగుళూరువారు చూపినపుడు, ఇక విద్యుత్తుతో పనియేమని కొందరు అడుగవచ్చును. పెరుగకపోవుట వేరు, చచ్చుట వేరు. రాగి తాకిడికి కొన్ని బాక్టీరియములు చావక, పళ్లెమున పెరుగుట మాత్రము మాని, ఒకవిధమగు నిద్రలో పడియుండగలవని తరువాతి పరిశోధనలవలన తేలినది. పళ్లెము వానిని లెక్కింపజాలదు. పొర చెక్కుచెదరక యున్నదా, పొటాసియము లోపలనే యున్నదా, స్వంత విద్యుత్తు నిలిచియున్నదా అని అడుగగలది విద్యుత్పరీక్ష. బెంగుళూరువారును ఈ సందేహమును తలచి, దెబ్బతినిన బాక్టీరియములను పోషించి తిరిగి లేపుటకు ప్రయత్నించియే తమ తీర్పును చెప్పిరి. ఆ జాగ్రత్త మెచ్చదగినది. రెండు పద్ధతులును ఒకే మాట చెప్పినపుడు మన నమ్మకము బలపడును. వేరువేరుగా చెప్పినపుడు ఇంకను విచారింపవలసినది కలదని తెలిసికొందుము.

విద్యుత్తు సాక్ష్యమునకును లోపములున్నవి. కరగిన రాగి తానే విద్యుత్తును మోయును. కావున కొలత పెరిగినంతమాత్రమున కణము పగిలినదని చెప్పరాదు. ఉప్పునీటిలో వాహకత్వము ముందే మిక్కుటము గనుక, కణమునుండి కారిన కొంచెము పొటాసియము సముద్రములో పోసిన చెంబెడు నీటివలె కానరాదు. ఇందుచే శాస్త్రజ్ఞులు బాక్టీరియములను కడిగి, ఉప్పు తక్కువగల ద్రవమున నుంచి కొలుచుదురు. మరియు నాలుగు పాత్రలను ప్రక్కప్రక్కన ఉంచుదురు: లోహమును బాక్టీరియమును కలవి, బాక్టీరియము మాత్రము కలవి, లోహము మాత్రము కలవి, రెండును లేనివి. ఈ నాలుగింటిని పోల్చకుండ చెప్పు మాట శాస్త్రము కాదు. ఆ వర్తకుడు కడ్డీలు ముంచి చూపినపుడు లోపించినది సరిగా ఈ పోలికయే. ఉప్పు కలిపిన శుద్ధజలపు గ్లాసు మూడవది అక్కడ ఉన్నయెడల వాని వేడుక ఆ నిమిషముననే ముగిసియుండును.

ఇట్టి పరీక్షలు బడిపిల్లల పని కాదని పెద్దలు కొందరు అనవచ్చును. మేము దీనికి సమ్మతింపము. రోగక్రిములను బడిలో పెంచరాదు, అది నిజమే. పాలలో తోడు వేసినపుడు పనిచేయునవియు బాక్టీరియములే. అవి మనకు మిత్రములు. పాలు పులియుకొలది ఆమ్లము పుట్టి, విద్యుద్వాహకత్వము పెరుగును. నాలుగు గాజుగ్లాసులలో సమానముగా కాచి చల్లార్చిన పాలు పోసి, రెంటిలో తోడు వేసి, ఆ రెంటిలో ఒకదానియందును, తోడులేని రెంటిలో ఒకదానియందును శుభ్రమైన రాగిరేకును ఉంచి, అరగంటకొకసారి వాహకత్వమును కొలిచి పట్టిక వ్రాసినచో, గొప్ప ప్రయోగశాలలలో జరుగు పరీక్షయొక్క సారమంతయు తరగతిగదిలో కనబడును. ప్రతి కొలతకు ముందు పనిముట్టును కడుగవలెను. నీటి వేడిమి మారినచో వాహకత్వము మారును గనుక ఉష్ణోగ్రతను కూడ వ్రాయవలెను. ఆ పాలను పిమ్మట పారబోయవలెను, త్రాగరాదు. ఫలితమును మేము ముందుగా చెప్పము. చెప్పినచో పిల్లలు దానినే చూచెదరు.

ఊరి బావులు, క్యానుల నీటి విషయమై మరియొక సులభమగు పరీక్ష కలదు. 1982 లో మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి యది. మందుపూసిన కాగితమున్న సీసాలో నీరు పోసి, వెచ్చగా ఒకటి రెండు దినములుంచినచో, మలసంబంధమగు కాలుష్యము కలిగిన నీరు సాధారణముగా నల్లబడును. దీనికి విద్యుత్తు అక్కరలేదు, గొప్ప చదువును అక్కరలేదు. ఉపాధ్యాయుని ఎదుట, చేతులు కడుగుకొని, పరీక్షించిన సీసాను బ్లీచింగుపొడితో నిర్దోషముచేసి పారవేయుటకు నేర్చిన పిల్లలు చాలుదురు. కలమువంటి యంత్రముతో ఉప్పును, ఈ సీసాతో మలినమును, రెంటిని ఒకే పట్టికలో వ్రాసినచో, ఉప్పు తక్కువయుండి మలినమున్న నీరును, ఉప్పు ఎక్కువయుండి మలినము లేని నీరును మన ఊళ్లలోనే ఉన్నవో లేవో కన్నులార చూడవచ్చును. అట్టి పట్టిక ఒకటి ఈ వార్షికసంచికలో ప్రతి సంవత్సరమును అచ్చుపడవలెనని మా కోరిక.

రాగిపాత్రను గూర్చి మన వారిలో రెండు సోమరితనములు కనబడుచున్నవి. "మన పూర్వులకు అంతయు తెలియును" అని జబ్బలు చరచుకొనుట యొకటి. "అదంతయు పల్లెటూరి మాట" అని త్రోసివేయుట మరియొకటి. రెంటిలోను పరీక్షించు శ్రమ తప్పుచున్నది. పూర్వులు అనుభవముచే ఒక సంగతిని గమనించిరి. అది వారికి గౌరవము. ఎంతసేపు, ఎంత రాగి, ఏ నీరు, ఏ క్రిమి అను ప్రశ్నలకు ఉత్తరము వారు మనకు వ్రాసి ఇచ్చిపోలేదు. ఆ పని మనకు మిగిలియున్నది. జిల్లా పడమటిభాగమున గరిమెనపెంట యొద్ద రాగిని త్రవ్విన పాతగనుల జాడలు కలవు. తూర్పున సముద్రము, దక్షిణమున అభ్రకము, పడమట రాగి! ఇంత సామగ్రి చెంతనుండగా మన పిల్లలు విద్యుత్తును, లోహమును, జీవకణమును పరీక్షకాగితముమీది మూడు వేరు పాఠములుగా మాత్రమే చదువుట విచారకరము.

తల్లిదండ్రులకు మా మనవి యిది. మీ యింట రాగిబిందె యున్నచో దానిని విడువవలదు. దానినే నమ్మి నీరు కాచుటను మానవలదు. పసిబిడ్డ పాలను దానిలో కాచవలదు. గృహమునకు వచ్చి నీటిలో కడ్డీలు ముంచువారిని చూచి బెదరక, చిటికెడు ఉప్పు తెచ్చి వారి గ్లాసులోనే వేయుమని అడుగుడు. ఉప్పును తీయుటకు యంత్రము కావలసియున్నచో కొనుడు. ఉప్పు తగ్గినంతమాత్రమున క్రిములు పోయినవని తలపకుడు. నీటిని నింపు క్యాను మురికిదైనచో ఎంత శుద్ధజలమును మరల చెడును.

పాఠశాలాధికారులకు మేము చేయు విజ్ఞప్తి స్వల్పమైనది. ఒక మంచి వాహకత్వమాపకమును, కొన్ని పరీక్షసీసాలను, రాగి, ఇత్తడి, ఉక్కు రేకులను, ఒక లెక్కల పుస్తకమును ఏర్పరుపవలెను. విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుడును, గణితపు ఉపాధ్యాయుడును కలిసి వారమునకు ఒక సాయంకాలము దీనికి వినియోగించినచో చాలును.

విద్యార్థులారా! ఏ పనిముట్టైనను తన్ను అడిగిన ప్రశ్నకే ఉత్తరము చెప్పును. ఉప్పును గూర్చి అడిగి క్రిమిని గూర్చి విన్నట్లు భ్రమపడుట మన దోషమేగాని పనిముట్టు దోషము కాదు. ఇక ముందు ఎవరైనను ఒక అంకెను మీ ముందుంచి భయపెట్టినను, మురిపించినను, మూడు ప్రశ్నలు వేయుడు: ఇది దేనిని కొలిచినది? దేనితో పోల్చినది? ఎంతసేపు చూచినది? ఈ మూడింటికి తగిన ఉత్తరము వచ్చువరకు నీటిని కాచియే త్రాగుడు.